అల్లం బీరు సమస్యలు - పరిష్కారాలు: విశాఖ ఎండకి, వానకి, చలికి

మాల్టు, హాప్స్ వేసి లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఆంధ్రప్రదేశ్‌లో నేరం. ఎక్సైజ్ చట్టం ఊరుకోదు. పులియబెట్టే సరదా ఉన్నవాళ్లకు మిగిలిన మంచి దారి అల్లం బీరు. పేరుకే బీరు. నిజానికి ఒకటి రెండు రోజులు పులిసి ఫ్రిజ్‌లోకి వెళ్లిపోయే అల్లం సోడా. కాలాన్ని బట్టి రుచి మార్చుకోవచ్చు: సంక్రాంతికి చెరకు రసం, ఉగాదికి పచ్చిమామిడి, మేలో సువర్ణరేఖ మామిడి, తొలకరికి నేరేడు, వానల్లో సీతంపేట అనాస, కార్తీకంలో ఉసిరి.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఇంటర్నెట్‌లో దొరికే తయారీ విధానాలు చాలావరకు చలి దేశాల వాళ్లు రాసినవి. 'గది ఉష్ణోగ్రతలో 4 రోజులు ఉంచండి' అని వాళ్లు రాస్తే ఆ గది 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన వంటిల్లు మే నెలలో అర్ధరాత్రి కూడా 28 దిగదు. 10 డిగ్రీలు పెరిగితే ఈస్టు వేగం దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి ఇక్కడ వచ్చే సమస్యల్లో సగానికి పైగా కొలతల తప్పులు కావు, క్యాలెండర్ తప్పులు.

నేను వాడే కొలతలు ముందే చెప్పేస్తాను, కింద వాటినే ప్రస్తావిస్తాను. తోడుకి: గాజు జాడీలో అర లీటరు నీళ్లు, తొక్కతో తురిమిన అల్లం 2 చెంచాలు, పంచదార 2 చెంచాలు. రోజూ చెరో చెంచా వేసి కలపాలి. బుసబుస నురగ వచ్చాక తోడు సిద్ధం. పానీయానికి: 2 లీటర్ల నీళ్లు, 160 గ్రాముల పంచదార లేదా బెల్లం, 60 గ్రాముల అల్లం. మరిగించి, పూర్తిగా చల్లార్చి, 2 నిమ్మకాయల రసం, వడకట్టిన తోడు అర కప్పు కలిపి సీసాల్లో పోయాలి.

తోడు లేవడం లేదు

నాలుగో రోజు వచ్చినా ఒక్క బుడగ లేదు, అల్లం తురుము అడుగున పడి ఉంది. ముందు అల్లాన్ని అనుమానించండి. ఈస్టు ఉండేది తొక్క మీదే. తొక్క తీసేసినా, వేడినీళ్లతో కడిగినా తోడు పుట్టదు. నున్నగా కడిగి ప్యాకెట్‌లో పెట్టిన సూపర్‌మార్కెట్ అల్లం కంటే, పూర్ణా మార్కెట్‌లోనో రైతుబజార్‌లోనో మట్టి అంటుకుని దొరికే ఏజెన్సీ అల్లం నయం. మట్టి దులిపి, చల్లటి నీళ్లలో ఒక్కసారి జాడించి తొక్కతోనే తురమండి.

తర్వాత నీళ్లు. కుళాయి తిప్పగానే క్లోరిన్ వాసన కొడితే ఆ నీళ్లు తోడుకి పనికిరావు. మరిగించి చల్లార్చండి. లేదా వెడల్పాటి గిన్నెలో రాత్రంతా మూత లేకుండా వదిలేయండి. టిన్ను నీళ్లు వాడినా ఫర్వాలేదు.

బెల్లంతో తోడు పెట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. అనకాపల్లి మన పక్కనే ఉంది కదా అని చాలామందికి బెల్లం మీదే మోజు. అయితే పసుపుపచ్చగా మెరిసే బెల్లంలో రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండొచ్చు. అందులోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఈస్టుని అణిచేస్తుంది. ముదురు గోధుమ రంగు బెల్లం తీసుకోండి. నన్నడిగితే తోడు పంచదారతో పెట్టి, బెల్లం రుచి పానీయంలో చూసుకోవడం మేలు. మరీ నల్లబెల్లం కావాలని కొట్లో అడిగితే మాత్రం సారా కోసమా అన్నట్టు చూస్తారు, అది మీ ఇష్టం.

ఇవన్నీ సరిగ్గా ఉండి నెల జనవరి అయితే ఓపిక పట్టండి, అంతే. మేలో మూడు రోజుల్లో లేచే తోడు చలికాలంలో ఆరేడు రోజులు తీసుకుంటుంది. జాడీని పొయ్యికి కాస్త దగ్గరగా జరపండి. నాలుగు నల్ల ఎండుద్రాక్షలు వేసినా కదలిక వస్తుంది. బంగారు రంగువి వద్దు, వాటికి గంధకం పొగ పెట్టి ఉంటారు.

తోడు బాగుంది, సీసాలో గ్యాస్ లేదు

మూత తిప్పితే చప్పుడు లేదు, తాగితే అల్లం పానకంలా ఉంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఏమిటంటే, కషాయం ఇంకా వేడిగా ఉండగానే తోడు కలిపేయడం. 45 డిగ్రీలు దాటితే ఈస్టు బతకడం కష్టం. వేసవిలో పెద్ద గిన్నె చల్లారడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పైన తాకితే గోరువెచ్చగా ఉన్నా నడుమ ఇంకా వేడి ఉంటుంది. గిన్నెను చల్లటి నీళ్ల టబ్బులో పెట్టి, బాగా కలిపి, అడుగున కూడా చెయ్యి ఆనించి చూశాకే తోడు పోయండి. సగం నీళ్లతోనే కషాయం కాచి, మిగతా సగం కాచి చల్లార్చిన ఫ్రిజ్ నీళ్లు కలిపితే ఆ ఎదురుచూపే ఉండదు.

రెండోది మూత. వాడిన ప్లాస్టిక్ సీసా మూత లోపలి అంచు అరిగితే గ్యాస్ నిలవదు. బిగించి, నీళ్లలో ముంచి నొక్కండి, బుడగలొస్తే ఆ మూత చెత్తబుట్టకే. మూడోది తొందర: డిసెంబర్‌లో ఒక్క రోజుకే ఫ్రిజ్‌లో పెట్టేస్తే ఈస్టు పని మొదలెట్టకముందే నిద్రపోతుంది. బయటికి తీసి ఇంకో రోజు ఉంచితే చాలాసార్లు కోలుకుంటుంది.

మూత తీయగానే గోడలదాకా చిమ్ముతోంది, సీసా ఉబ్బిపోతోంది

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చప్పబడిన సీసా మహా అయితే పారబోస్తాం. ఒత్తిడి పెరిగిన గాజు సీసా పేలితే కళ్లకే ప్రమాదం.

లెక్క చూడండి. లీటరు పానీయంలో 4 గ్రాముల పంచదార పూర్తిగా పులిస్తే దాదాపు ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. కొట్లో కొనే కూల్‌డ్రింక్‌లో లీటరుకి మూడున్నర, నాలుగు లీటర్ల గ్యాస్ ఉంటుంది. అంటే 16 గ్రాముల పంచదార పులిస్తే మనకు కావలసినంత నురగ వచ్చేసినట్టే. మనం వేసింది లీటరుకి 80 గ్రాములు. మిగిలిన 64 గ్రాములు తీపి కోసం ఉంచుకున్నవి, కానీ ఆ సంగతి ఈస్టుకి తెలియదు. చలి తగిలేదాకా తింటూనే పోతుంది, గ్యాస్ వదులుతూనే పోతుంది. దాన్ని ఆపేది ఫ్రిజ్ ఒక్కటే.

అందుకే నియమం ఒకటి: పులిసేది ఎప్పుడూ కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలోనే. పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి మూత బిగించండి. నింపిన వెంటనే బొటనవేలితో నడుమ నొక్కితే సీసా మెత్తగా లోపలికి పోతుంది, టపుక్కున వెనక్కి వస్తుంది. కొన్ని గంటలకు వేలు లోపలికి పోవడం తగ్గుతుంది. ఎంత నొక్కినా సొట్ట పడకుండా రాయిలా తగిలితే, అది రాత్రి రెండింటికైనా సరే, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మేలో ఇది 12 నుంచి 18 గంటల్లో రావచ్చు. అక్టోబరులో ఒక రోజు, జనవరిలో రెండు మూడు రోజులు. ఈ అంకెలు గుర్తుంచుకోకపోయినా ఫర్వాలేదు, బొటనవేలు చెబుతుంది.

గాజు మీద మోజు ఉన్నవాళ్లకి ఒక మాట. ఆన్‌లైన్‌లో దొరికే క్లిప్పు మూత సీసాల్లో చాలావరకు అలంకారానికి చేసినవి, ఒత్తిడికి కాదు. గోలీసోడా సీసా మందంగా ఉంటుంది, తట్టుకుంటుంది, కానీ గోలీ ఉన్న మెడ లోపల బ్రష్ వెళ్లదు. అందంగా వడ్డించాలంటే చల్లబడ్డాక, తాగేముందు జగ్గులోకి వంచుకోండి.

మామిడి, అనాస గుజ్జు వేసినవి మిగతావాటికంటే ఎక్కువ చిమ్ముతాయి. గుజ్జు నలకలకు గ్యాస్ పట్టుకుని ఒక్కసారిగా పైకి లేస్తుంది. పైగా పండులో ఉన్న చక్కెర అదనం. సువర్ణరేఖ రసాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి, ఆ మేరకు పంచదార తగ్గించండి. ఇప్పటికే ఉబ్బిన సీసా చేతిలో ఉంటే కదపొద్దు. ఫ్రిజ్‌లో ఒక రాత్రంతా బాగా చల్లబరిచి, సింక్‌లో పెట్టి, మూతను పావు తిప్పు తిప్పి మళ్లీ బిగించండి. 'సుయ్' శబ్దం తగ్గేదాకా అలా విడతలుగా తీయాలి.

కరెంటు సంగతి కూడా ఉంది. ఫ్రిజ్ ఆగితే సీసాలు మళ్లీ పులవడం మొదలెడతాయి. గంటా రెండు గంటల కోతకి ఏమీ కాదు. తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం ముందే మూతలు వదులు చేయండి, లేదా తాగేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఈ నగరంలో చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అక్టోబరు, నవంబరుల్లో ఫ్రిజ్ నిండా సీసాలు పేర్చుకోకపోవడం మంచిది.

పైన తెల్లటి పొర, చుక్కలు

జూలై నుంచి నవంబరు దాకా ఉక్క, తేమ ఉన్నన్నాళ్లూ ఇది మామూలే. పొర పల్చగా, తెల్లగా, ముడతలు పడ్డ మీగడలా ఉంటే అది కామ్ ఈస్టు. హాని లేదు, వాసనే కొంచెం ముక్కినట్టు ఉంటుంది. చెంచాతో తీసేసి, తోడులో సగం పారబోసి, కొత్త నీళ్లు, అల్లం, పంచదార వేయండి. రోజుకి రెండుసార్లు కలిపితే ఆ పొరకి నిలకడ దొరకదు.

ఆకుపచ్చ, నలుపు, గులాబీ రంగులో నూగులా ఉంటే అది బూజు. మొత్తం పారేయాల్సిందే. పైది తీసేసి కిందిది వాడదాం అనుకోవద్దు, బూజు వేళ్లు లోపలిదాకా దిగి ఉంటాయి. తురుము నీటిపైన తేలి ఎండిన చోటే బూజు మొదలవుతుంది. జాడీ అంచులకు అంటిన తురుముని కూడా రోజూ తుడవాలి. ఈ ఐదు నెలలూ తోడు వాడనప్పుడు ఫ్రిజ్‌లో పెట్టి, వారానికోసారి ఒక చెంచా పంచదార వేస్తే చాలు.

పులుపు ఎక్కువైంది

ఏ పులుపో ముందు తేల్చుకోండి. పెరుగులాంటి మెత్తటి పులుపు అల్లం బీరు స్వభావమే. ఈ తోడులో ఈస్టు ఒక్కటే ఉండదు, దానితో కలిసి బ్యాక్టీరియా కూడా కాపురం చేస్తుందని హ్యారీ మార్షల్ వార్డ్ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్రజ్ఞుడు 1892లోనే చూపించాడు. ఆ పులుపు మీకు ఎక్కువనిపిస్తే తోడు పావు కప్పుకి తగ్గించి, నిమ్మరసం కూడా తగ్గించండి.

ముక్కుకి గుచ్చుకునే వెనిగర్ పులుపైతే కథ వేరు. గాలి తగిలింది, దానితో పాటు పండు ఈగలు వచ్చాయి. మామిడి, పనస సీజన్లో ఈ చిన్న ఈగలు ప్రతి వంటింట్లో ఉంటాయి, వెనిగర్ చేసే బ్యాక్టీరియాను కాళ్లతో మోసుకొస్తాయి. జాడీ మీద జల్లెడలాంటి గుడ్డ కాకుండా దగ్గర నేత పంచె గుడ్డ రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండుతో బిగించండి. పుల్లబడిన దాన్ని వెనక్కి తిప్పలేం. గుడ్డ కట్టి ఇంకో నెల వదిలేస్తే సలాడ్‌లోకి పనికొచ్చే అల్లం వెనిగర్ అవుతుంది.

పానీయం జిగటగా, తీగలా సాగుతోంది

బెల్లం, చెరకు రసం వాడినప్పుడే ఎక్కువ. ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా చక్కెరను డెక్స్‌ట్రాన్ అనే జిగురుగా మారుస్తుంది. ఇడ్లీ పిండి పులియడంలో మనకి సాయపడేది కూడా దీని కుటుంబమే, ఇక్కడ మాత్రం అడ్డం. బెల్లాన్ని ఉత్త నీళ్లలో కరిగించి పోయకుండా పది నిమిషాలు మరిగించి వడకట్టండి. జిగురు పట్టిన తోడుని పారేసి, జాడీని మరుగునీళ్లతో కడిగి కొత్తది పెట్టండి. సంక్రాంతికి చెరకు రసంతో చేసేవాళ్లు రసం తీసిన గంటలోపే కాచేయాలి.

కుళ్లిన గుడ్డు వాసన

ఈస్టుకి పంచదార తప్ప పోషకాలు అందనప్పుడు వస్తుంది. మూత తీసి పది నిమిషాలు ఉంచితే చాలావరకు పోతుంది. తర్వాతి విడత తోడులో అల్లం మోతాదు పెంచండి.

సారా వాసన వస్తోంది

ఫ్రిజ్ బయట ఎక్కువ రోజులు ఉంచేశారు, తీపి తగ్గింది, ఆల్కహాలు పెరిగింది. త్వరగా తీసినదాంట్లో కూడా జాడగా ఆల్కహాలు ఉంటుంది కాబట్టి గర్భిణులకు, మద్యం ముట్టని అతిథులకు చెప్పకుండా ఇవ్వొద్దు. తీపి పూర్తిగా పోయి ఘాటుగా కొడుతున్న సీసాను పిల్లలకు అసలు పోయకండి, పారబోయండి.

అన్నీ బాగున్నాయి, అల్లం ఘాటే లేదు

లేత అల్లంలో నీరెక్కువ, కారం తక్కువ. పైగా అల్లాన్ని ఎక్కువసేపు మరిగిస్తే కారం ఇచ్చే జింజరాల్ మెత్తటి జింజిరోన్‌గా మారుతుంది. ఎండబెట్టినప్పుడు అదే జింజరాల్ ఇంకా ఘాటైన షోగాల్ అవుతుంది. కాబట్టి కషాయాన్ని పది నిమిషాలకు మించి మరిగించకండి, సగం అల్లం పచ్చిరసంగా చివర్లో కలపండి. అది కూడా చాలకపోతే 2 లీటర్లకు అర చెంచా శొంఠి పొడి కషాయంలో వేసి వడకట్టండి. పొడి అలాగే సీసాలోకి వెళ్తే, మామిడి గుజ్జులాగే అది కూడా నురగని రేపుతుంది.