కొత్త ట్యాంకుకు తీర్మానం రాసే ముందు

ప్రకాశం పడమటి మండలాల నుంచి నెల్లూరు వైపు ఉదయగిరి మెట్ట దాకా, మే నెల గ్రామసభలో వినపడే మాట ఒకటే: "మా వీధికి నీళ్లు ఎక్కడం లేదు, ఇంకో ట్యాంకు కట్టించండి." ట్యాంకు నలుగురికీ కనపడుతుంది, శంకుస్థాపన చేయొచ్చు. అందుకే తీర్మానం త్వరగా పడుతుంది. నీళ్లు మాత్రం బోరు, కరెంటు, ట్యాంకు, వాల్వు, పైపు, కుళాయి ఇన్నీ దాటి బిందెలోకి రావాలి. అవి ఎక్కడ ఆగుతున్నాయో కొలవకుండా కడితే ఖాళీ ట్యాంకులు రెండవుతాయి.

లెక్క కోసం ఒక ఊరు అనుకుందాం. జనాభా 3,000, బోర్లు రెండు, 60,000 లీటర్ల ట్యాంకు ఒకటి. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు, అంటే ఊరికి 1,65,000 లీటర్లు. పశువుల తొట్లు, బడి, హోటళ్లు ఇందులో లేవు, వాటిని విడిగా కలుపుకోండి.

ముందు ఒక పెద్ద కాగితం మీద నీళ్ల దారి గీయండి. నీళ్లు నిలిచే చోట డబ్బా, నడిచే చోట బాణం. డబ్బాలో ఎన్ని లీటర్లు పడతాయో, బాణం మీద గంటకు ఎన్ని లీటర్లు నడుస్తాయో రాయండి. ఒక్కో బాణం కింద అది ఎవరి చేతిలో ఉందో కూడా రాయాలి. మోటారు స్విచ్చి ఆపరేటరు చేతిలో ఉంటుంది, కరెంటు వేళలు సబ్‌స్టేషన్ చేతిలో, వీధి వాల్వు తాళంచెవి ఒక్కోసారి ఎవరి చేతిలో ఉందో ఊరంతటికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఉండదు. ఎవరి చేతిలో అన్న గడి ఖాళీగా వదిలిన పటం ఎందుకూ పనికిరాదు.

ఇక కొలతలు. బోరు డెలివరీ పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 100 సెకన్లయితే నిమిషానికి 120 లీటర్లు. మోటారు వేసిన వెంటనే కొలిస్తే బోరు గొప్పగా కనపడుతుంది, రెండు గంటలు నడిచాక కొలవాలి. ఏడాదిలో రెండుసార్లు కొలవాలి: ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక డిసెంబరులో, మళ్లీ మేలో. మన ఊళ్లో రెండు బోర్లూ కలిపి డిసెంబరులో నిమిషానికి 240 లీటర్లు, మేలో 140 లీటర్లు ఇస్తున్నాయనుకోండి. మోటార్లు వ్యవసాయ ఫీడరు (పొలాలకు కరెంటు ఇచ్చే లైను) మీద ఉండి తొమ్మిది గంటలే కరెంటు వస్తుంటే డిసెంబరులో 1,29,600 లీటర్లు, మేలో 75,600. కావాల్సింది 1,65,000. ఉన్న ట్యాంకే మేలో రోజుకు ఒకటింపావుసార్లు నిండుతోంది. ఇంకో 90,000 లీటర్ల ట్యాంకు కడితే దాంట్లో పోయడానికి నీళ్లేవి?

అదే 16 గంటల కరెంటు ఇచ్చే ఫీడరుకు మోటార్లు మారిస్తే కాగితం మీద మేలోనూ 1,34,400 లీటర్లు. కాంక్రీటు పని లేకుండా దాదాపు 59,000 లీటర్లు ఎక్కువ. ఇక్కడే తొందరపడకూడదు. బోరు అన్ని గంటలు తట్టుకుంటుందో లేదో చూడాలి. మోటారు వేయకముందు, గంటకు, నాలుగు గంటలకు, ఎనిమిది గంటలకు బోరులో నీటిమట్టం కొలవండి. ఒక లోతుకు దిగి నిలబడితే సరే. దిగుతూనే ఉంటే ఎక్కువ గంటలు తోడటం రేపటి నీళ్లు ఈరోజు తాగడమే, మోటారు నీళ్లు లేకుండా తిరిగి (డ్రై రన్) కాలిపోవడం అదనం.

తర్వాత లీకేజీ. పరీక్ష రాత్రి పదకొండు దాటాక చేయాలి. ట్యాంకు నింపి, ఇన్‌లెట్ మూసి, వీధుల వాల్వు కూడా మూసి అరగంట చూడండి. మట్టం పడితే ట్యాంకో వాల్వో కారుతోంది. పడకపోతే వీధుల వాల్వు తెరవండి. పైపుల్లో ఖాళీ నిండేదాకా మట్టం ఎలాగూ పడుతుంది, అందుకని ఇంకో అరగంట వదిలేసి అప్పటి నుంచి గంటసేపు కొలవండి. లోపలి వ్యాసం 5 మీటర్లున్న ట్యాంకులో ఒక సెంటీమీటరు అంటే 196 లీటర్లు. గంటలో 30 సెంటీమీటర్లు పడితే 5,900 లీటర్లు పోయినట్టు. రోజుకు నాలుగు గంటలు నీళ్లు వదిలే ఊళ్లో అది 23,500 లీటర్లు, అంటే దాదాపు 430 మంది వాటా. ఇందులో సగం పైపు పగుళ్లు కాకపోవచ్చు. టాపు లేని కుళాయిలను చీకట్లో టార్చి వేసుకుని లెక్కపెట్టండి, టాపులు బిగించడానికి అయ్యేది చిల్లర ఖర్చు.

అన్నిటికంటే మొండిది కుళాయి మోటార్ల సంగతి. చివరి వీధిలో ప్రెషర్ తక్కువ. ఒకరు అర హెచ్‌పీ మోటారు కుళాయికి బిగిస్తారు. పక్కింటికి అప్పటిదాకా వచ్చే సన్నధార కూడా ఆగిపోతుంది, వాళ్లూ మోటారు కొంటారు. రెండేళ్లలో వీధంతా మోటార్లే. పైపులో పీడనం పోయి లోపలికి పీల్చడం మొదలవుతుంది, సైడు కాలువ పక్కనుంచి పోయే జాయింటులో సందు ఉంటే మురుగు లోపలికి వస్తుంది. ట్యాంకులో క్లోరిన్ సరిగ్గా ఉన్నా చివరి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు కూడా కనపడకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. మోటార్లు జప్తు చేస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తాయి, ఎందుకంటే మోటారు కొనిపించిన కారణం అక్కడే ఉంది. నీళ్లు వదిలే వేళకు వీధి కరెంటు తీయించే పద్ధతి కొన్ని ఊళ్లలో ఉంది. ఇన్వర్టర్లు వచ్చేదాకా అదీ పనిచేస్తుంది!

పనికొచ్చేది వంతులు. ఊరిని మూడు భాగాలు చేసి ఒక్కో దానికి గేటు వాల్వు పెట్టండి, నిండు ట్యాంకు నీళ్లు ముందు చివరి భాగానికి వదలండి. చివరి ఇంటి కుళాయి దగ్గర ప్రెషర్ గేజి 0.7 కిలోలు చూపిస్తే, అంటే 7 మీటర్ల ఎత్తు పీడనం ఉంటే, ఒంటి అంతస్తు ఇంటికి మోటారుతో పనుండదు. జనం చేత మోటారు తీయించేది ఆ గేజి ముల్లే, నోటీసు కాదు.

ఊరి గట్టు దాటి కూడా చూడాలి. చుట్టుపక్కల బత్తాయి తోటల బోర్లు లోతుకు వెళ్తే మన బోరు తగ్గుతుంది, మనం లోతు పెంచితే వాళ్లది తగ్గుతుంది, ఈ పందెంలో గెలిచేది రిగ్గు యజమాని. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయడాన్ని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కట్టడి చేస్తుంది. ఆ గీత ఊరి పటం మీద గీసి పంచాయతీ గోడకు అంటించండి. లోతు పెంచాలనే అనుకుంటే ముందు ఫ్లోరైడ్ చూడండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా, ఆ పైన తాగకూడదు. ఆర్‌ఓ ప్లాంటు పెడితే అది వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. ఆ పైపును బోరు పక్క గుంటలోకి వదిలితే తిరిగి మనమే తోడుకుంటాం.

సాగర్ కుడి కాలువ కింద ఎస్ఎస్ ట్యాంకు (కాలువ నీళ్లు ఎండాకాలానికి నిల్వ చేసే తాగునీటి చెరువు) ఉన్న చోట లెక్క వేరు. కాలువ 90 రోజులు కట్టేస్తే మన ఊరికే 14,850 ఘనపు మీటర్లు కావాలి. ఎండాకాలం రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే 90 రోజులకు 54 సెంటీమీటర్ల మట్టం ఎండే తాగేస్తుంది. నాలుగు మీటర్ల లోతు చెరువులో అది 13 శాతం పైనే. ఇంకడం, అడుగున పంపుకు అందని నీళ్లు అదనం. తక్కువ లోతు, ఎక్కువ వెడల్పు డిజైను తవ్వకానికి సులువేగానీ ఆవిరికి అంత అనువు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తాయన్న ఆశ మీద ఇప్పటి ఏర్పాటు ఆపకండి, అవి వచ్చినా రాకపోయినా పనికొచ్చే పనులు (మీటర్లు, వాల్వులు, వంతులు, లీకేజీ) ముందు పెట్టండి.

పనుల వరస తేల్చేటప్పుడు ప్రతి ప్రతిపాదనకూ నాలుగే ప్రశ్నలు వేయండి: మేలో చివరి ఇంటికి ఎన్ని లీటర్లు పెరుగుతాయి, ఏటా నడపడానికి ఎంత, ముందు చెడేది ఏది, చెడితే ఎవరు ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు. కట్టడానికి నిధులు ఒకసారి వస్తాయి. కరెంటు బిల్లు, బ్లీచింగు, ఆపరేటరు జీతం, వాల్వు ప్యాకింగులు మాత్రం ఏటా. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయర్‌లో 2022లో ఒక గేటు, 2023లో ఇంకోటి కొట్టుకుపోయి నిల్వ ఉన్న నీళ్లు దిగువకు పోయాయి. పంచాయతీ ట్యాంకులో అంత పెద్ద గేటు లేదు, రెండు వందల మిల్లీమీటర్ల వాల్వు ఉంది. దాని స్పిండిల్ (తిప్పే కడ్డీ) ఏడాదికి రెండుసార్లు తిప్పి, గ్రీజు పెట్టకపోతే అవసరమైన రోజు తిరగదు.

ఒకేసారి మూడు మార్పులు చేయకండి, దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు. ఫీడరు మార్చాక రెండు వారాలు కొలవండి, తర్వాత వంతులు, ఆ తర్వాత లీకేజీ. బోరు మీద ఫలితం మాత్రం ఆ ఏడాదే తేలదు. పంప్ హౌస్‌లో ఒక నోటుపుస్తకం వేలాడదీసి మోటారు గంటలు, డ్రమ్ము సెకన్లు, చివరి కుళాయి గేజి, క్లోరిన్ వారానికోసారి రాయించండి. రెండు మే నెలల రాత అందులో ఉన్నాక, అప్పటికీ నీళ్లు నిండుగా ఉండి నిల్వకే చోటు చాలకపోతే, ట్యాంకు తీర్మానం రాయండి.