అంత్యదినాల మాట విని కలత పడుతున్నారా: లక్షణం, కారణం, సరిచేసే దారి

ఎండాకాలం ఉజ్జీవ కూటాలు మొదలైతే చాలు, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పల్లె సంఘాల్లో ఒకే రకం ప్రశ్నలు వస్తాయి. ప్రభువు ఫలానా నెలలో వస్తాడంట గదా? ఆధార్ తీసుకున్నాం, ముద్ర పడినట్టేనా? చేను అమ్మి దేవుని పనికి ఇచ్చేద్దామా? అడిగేవాళ్ళు భక్తి లేనివాళ్ళేం కాదు, భక్తి ఉండబట్టే ఈ కలత. రాకడ నిజం, దాని కోసం కనిపెట్టుకుని ఉండాల్సిందే. చిక్కంతా ఒక వచనాన్ని గట్టిగా పట్టుకుని, దాని పక్క వచనాన్ని వదిలేయడం దగ్గర వస్తోంది. కాబట్టి కింద చెప్పే ప్రతి మరమ్మతూ గ్రంథం తెరిచి, ఆ వచనానికి పైన పది, కింద పది వచనాలు నోరు తెరిచి చదవడంతో మొదలవుతుంది.

ముందు చేతిలో ఉండాల్సినవి

చర్చికి తీసుకెళ్ళే పాత అనువాదం, అంటే ఓ.వీ. బైబిలు ఒకటి. వాడుక భాషలో వచ్చిన అనువాదం ఇంకొకటి, ఎవరినైనా అడిగి తెచ్చుకున్నా చాలు. ఒక నోటుపుస్తకం, పెన్సిలు.

ఇప్పుడు మనం చూసే అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధనకు వచనాల అంకెలు 1551లో వేశారు. మత్తయి రాసిన నాడు 24కూ 25కూ మధ్య గోడ లేదు. రెండూ కలిపి 97 వచనాలు, పైకి చదివితే పావుగంట. థెస్సలొనీకయులకు రాసిన రెండు పత్రికలు 136 వచనాలు. రెండో పేతురు మూడో అధ్యాయం 18. ఏ ప్రసంగానికైనా పోయే ముందు ఇవి చదవడం అయిపోవాలి. ప్రకటన గ్రంథం ఆ తర్వాత. దాని 404 వచనాలనూ ఒక ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపులో చదవండి. ముక్కలుగా విన్నప్పుడు భయపెట్టిన పుస్తకం, మొత్తంగా చదివితే ఆరాధన పుస్తకంలా వినపడుతుంది.

తారీకు చెప్పారు

లక్షణం: ఫోనులో వీడియో వచ్చింది. అందులో ఏదో లెక్క, చివర ఒక తారీకు. ఇంట్లో నిద్ర లేదు.

కారణం: ఈ లెక్కలు చాలావరకు "దినమునకు ఒక సంవత్సరము" అనే సూత్రం మీద నడుస్తాయి. ఆ మాట సంఖ్యాకాండము 14:34లోనూ యెహెజ్కేలు 4:6లోనూ ఉంది. ఆ రెండు చోట్లా దేవుడే ఫలానా దోషానికి ఫలానా లెక్క అని చెప్పాడు. కనిపించిన ప్రతి అంకెకూ మీరే వేసుకోండి అనలేదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు దానియేలు 8:14లోని 2300 దినాలను 2300 ఏళ్ళుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్క కట్టాడు. ఆయన వెంట నడిచినవాళ్ళు చివరికి 1844 అక్టోబరు 22 అని తేల్చారు. పైరు కోయకుండా పొలంలోనే వదిలేసినవాళ్ళున్నారు. ఆ రోజు మామూలుగానే తెల్లారింది. అమెరికాలోనే హెరాల్డ్ క్యాంపింగ్ అనే బోధకుడు రేడియోలో 2011 మే 21 అన్నాడు. అది దాటిపోయాక అక్టోబరు 21 అన్నాడు. అదీ దాటింది.

మన తెలుగు బైబిల్లో ఇంకో చిన్న మెలిక ఉంది. "ఆ దినమును గూర్చియు ఆ గడియను గూర్చియు" అన్నప్పుడు, మన పెద్దల లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు. గ్రీకు మూలంలో ఉన్నది గంట, వేళ అనే అర్థమిచ్చే మాట. ప్రకటన 17:12లో "ఒక గడియ" పట్టుకుని 24తో గుణించే లెక్కలు పునాది లేని గోడలు.

సరిచేసే దారి: మత్తయి 24:36, అపొస్తలుల కార్యములు 1:7, ద్వితీయోపదేశకాండము 18:22 ఒక కాగితం మీద రాసుకోండి. తారీకు చెప్పినాయన్ని మర్యాదగానే అడగండి: "అయ్యగారూ, ఈ తారీకు ఏ వచనంలో ఉంది? లెక్క మొదలయ్యే ఏడు గ్రంథంలో ఉందా, బయట నుంచి తెచ్చారా? కుమారుడు కూడా ఎరుగడని రాసినదాన్ని మనమెట్లా ఎరిగినాం? ఆ రోజు దాటిపోతే ఇదే మైకులో తప్పు చెప్పానని ఒప్పుకుంటారా?" నాలుగో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే, ఆ మాట అక్కడే వదిలేయవచ్చు. బెరయ అనే ఊరివాళ్ళు పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో పోల్చి చూశారు (అపొ. కార్య. 17:11). అడగడం అవిశ్వాసం కాదు.

పని మానేశారు, చేను అమ్ముతున్నారు

ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

ముంగారు వాన పడింది, బుడ్డలు (వేరుశనగ) విత్తే అదను నడుస్తోంది. ఇంటాయన మాత్రం చేనుకు పోలేదు. "వచ్చే పంటకు మనం ఇక్కడుంటామా" అంటాడు. పదో తరగతి పిల్లను బడి మాన్పించారు. రెండెకరాలకు బేరం పెట్టారు, అదీ సగం ధరకు.

ఈ రోగం కొత్తది కాదు. థెస్సలొనీక సంఘానికి ప్రభువు దినం అప్పుడే వచ్చేసిందని ఎవరో చెప్పారు. ఆత్మ పేరు మీద, మాట మీద, తాను రాసినట్టున్న పత్రిక పేరు మీద ఆ కబురు రావచ్చని పౌలు ముందే హెచ్చరించాడు (2 థెస్స. 2:2). మూడో అధ్యాయానికి వచ్చేసరికి అదే సంఘంలో కొందరు పని మానేసి పరుల జోలికి పోతున్నారు. పౌలు మందు ఒక్కటే: "ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు." గమనించండి, చేయలేనివాణ్ణి అనలేదు, చేయనొల్లనివాణ్ణి అన్నాడు. ముసలివాళ్ళ మీద, జబ్బు మనుషుల మీద ఈ వచనాన్ని ప్రయోగించకూడదు.

చేను సంగతికి యిర్మీయా 32 తెరవండి. యెరూషలేము చుట్టూ బబులోను దండు దిగి ఉంది. యిర్మీయా చెరసాల ప్రాకారంలో ఉన్నాడు. పట్టణం పడిపోతుందని చెప్పిందీ ఆయనే. అట్లాంటి వేళ దేవుడు ఆయనతో అనాతోతులో పొలం కొనిపించాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. (ఇక్కడ తులం అంటే హెబ్రీయుల షెకెలు. మొత్తం 200 గ్రాములకు కాస్త అటూ ఇటూ.) సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, వేయనిది ఒకటి. రెండూ చాలాకాలం ఉండేట్టు మంటికుండలో పెట్టించాడు. మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో జరిగే పనే ఇది. అంతం దగ్గరపడిందని తెలిసిన ప్రవక్త చేసిన పని పొలం కొనడం.

చేయాల్సిన పని వరుసగా: బేరం ఆపండి, బయానా తీసుకోకండి. పట్టాదారు పాసుపుస్తకం ఎవరి చేతికీ ఇవ్వకండి, "ప్రార్థనలో పెడతాం" అన్నా సరే. ఆస్తి విషయంలో ఏ నిర్ణయమైనా భార్య, ఎదిగిన పిల్లలు, రక్తసంబంధం లేని ఒక సంఘ పెద్ద కూర్చుని 90 రోజులు గడిచాకే తీసుకోవాలి. దేవుడు చెప్పిన మాట మూడు నెలల్లో పాడైపోదు. తొందరపెట్టే మాటకు మాత్రం ఆ గడువు నచ్చదు. ఇక విత్తనం వెయ్యండి. మత్తయి 24:46 "యజమానుడు వచ్చినప్పుడు ఏ దాసుడు ఈలాగు చేయుచుండుట అతడు కనుగొనునో" అంటుంది. ఆ దాసుడు చేస్తున్నది ఇంటివాళ్ళకు వేళకు అన్నం పెట్టడం.

వేలిముద్ర, ఆధార్, 666

లక్షణం: రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెట్టడానికి భయం. ఒకటో తారీకు పింఛనుకు వేలిముద్ర వేసి, ఇంటికొచ్చి ఏడ్చే అవ్వలున్నారు. టీకా వేయించుకున్నందుకు రక్షణ పోయిందేమోనని కుమిలిపోయినవాళ్ళూ ఉన్నారు.

కారణం: చేతి మీదో నొసటి మీదో మృగం ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు అనే ప్రకటన 13:16, 17 చదివి, 13:4, 8, 12, 15 వదిలేయడం. పెన్సిలు తీసుకుని ఆ అధ్యాయంలో "నమస్కారము" అన్న మాట కింద గీతలు గీయండి. అధ్యాయమంతా ఆరాధన గురించే అని కళ్ళకే తెలుస్తుంది. 14:9 ఇంకా విప్పి చెబుతుంది: మృగానికి నమస్కారం చేసి ముద్ర వేయించుకున్నవాడు అని. తెలియకుండా పడిపోయే మచ్చలాగా గ్రంథం దాన్ని ఎక్కడా చెప్పలేదు. వెంటనే 14:1లో గొఱ్ఱెపిల్ల పేరు, తండ్రి పేరు నొసళ్ళ మీద ఉన్నవాళ్ళు కనిపిస్తారు. ప్రశ్నంతా నీ నొసటి మీద ఎవరి పేరుందన్నదే.

ఇక 666, అంటే ప్రకటన 13:18లో మృగానికి చెప్పిన సంఖ్య సంగతి. ఆ రోజుల్లో హెబ్రీ, గ్రీకు అక్షరాలే అంకెలు కూడా. పేరులోని అక్షరాలు కూడితే ఒక సంఖ్య వస్తుంది. నీరో కైసరు పేరు హెబ్రీ అక్షరాల్లో రాస్తే 666 వస్తుందని చాలామంది పండితులు చూపిస్తారు. కొన్ని ప్రాచీన ప్రతుల్లో 616 అని కూడా ఉంది. ఆసియాలోని ఏడు సంఘాలకు, ఈనాటి టర్కీ ప్రాంతపు విశ్వాసులకు, ప్రకటన గ్రంథం ముందు చేరింది. వాళ్ళకు అర్థమయ్యే మాటే యోహాను రాశాడు. ఆధార్‌లో 12 అంకెలుంటాయి, దాన్ని ఇవ్వడానికి ఎవరికీ మొక్కమని అడగరు.

ఇంకో పరీక్ష: "క్రీస్తు విరోధి" అన్న మాట ప్రకటన గ్రంథంలో వెతకండి. దొరకదు. అది యోహాను మొదటి పత్రిక 2:18, 22, 4:3లోనూ, రెండో పత్రిక 7వ వచనంలోనూ ఉంది. అక్కడ యోహాను "అనేకులైన క్రీస్తు విరోధులు" అప్పటికే బయలుదేరారంటాడు. వాళ్ళ గుర్తు ఏదో మిషను కాదు, యేసు క్రీస్తు కాడని చెప్పే బోధ.

అవ్వతో ఇవన్నీ చెప్పనక్కర్లేదు. రోమా 8:38, 39 రెండుసార్లు నెమ్మదిగా చదివి, మరుసటి నెల పింఛను రోజున తోడు వెళ్ళండి.

కరువొచ్చినా వరదొచ్చినా "ఇదే అంతం"

కరువులు, భూకంపాలు వస్తాయనే మత్తయి 24:7 చదివి ఆగిపోతే ఇట్లాగే ఉంటుంది. ఆరో వచనం "అంతము వెంటనే రాదు" అంటుంది. ఎనిమిదో వచనం "ఇవన్నియు వేదనలకు ప్రారంభము" అంటుంది. మన సీమ 1876 నుంచి 78 దాకా ధాత కరువు చూసింది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊరిలోకి వచ్చింది. అప్పుడూ అంతమన్నవాళ్ళున్నారు. కష్టం వచ్చినప్పుడు లెక్కలు వేయడం ఆపి, మత్తయి 25:35, 36 తీయండి. ఆకలి, దాహం, బట్ట, జబ్బు, చెర. సంఘంలో ఆ రోజు ఎవరింట్లో పొయ్యి వెలగలేదో చూసి రావడం ఈ రోగానికి మందు.

కాలజ్ఞానాన్నీ ప్రకటన గ్రంథాన్నీ కలిపేయడం

బనగానపల్లె, బ్రహ్మంగారి మఠం రెండూ మన మధ్యనే ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఆ మాటలు విన్న చెవులు ప్రకటనను కూడా అదే వరసలో వింటాయి. "అది జరిగింది, ఇది జరగబోతోంది" అని జాబితా కడతాయి. పొరుగువాళ్ళ విశ్వాసాన్ని కించపరచవద్దు. ఆ మాటలు తెచ్చి లేఖనానికి సాక్ష్యంగా నిలబెట్టనూ వద్దు. ప్రకటన 1:3 ధన్యుడని పిలిచింది విని గైకొనేవాణ్ణి.

కల చెప్పి కానుక అడుగుతున్నారు

"నీ గురించి దర్శనం చూపించాడు, ఇంత పంపితే శ్రమకాలం తప్పుతుంది" అని ఫోను. దీనికి వెతుకులాట అక్కర్లేదు. 2 పేతురు 2:3 "లోభులై కల్పనావాక్యములు చెప్పుచు" అని ఈ మనిషిని ముందే చూపించింది. డబ్బు పంపకండి, నంబరు బ్లాక్ చేయండి, కాపరికి చెప్పండి. కలలన్నీ అబద్ధమని ఎవరూ అనడం లేదు. యిర్మీయా 23:28 ధాన్యానికీ చెత్తకూ ఏం సంబంధమని అడుగుతుంది. కళ్ళంలో తూర్పారబట్టినప్పుడు ఏది కాళ్ళ దగ్గర రాలుతుందో, ఏది గాలికి పోతుందో మన రైతులకు ఒకరు చెప్పాలా? వాక్యం ముందు నిలబెట్టండి, బరువున్నదే నిలుస్తుంది.

వినడం పెరిగింది, ప్రేమ చల్లారింది

రాత్రి రెండు గంటలు అంత్యదినాల ప్రసంగాలు వింటారు. గట్టు తగాదాతో తమ్ముడితో మాట్లాడి మూడేళ్ళు. ఆదివారం చర్చికి పోవడం లేదు, "అక్కడ వాక్యం లేదు" అంటారు. మత్తయి 24:12 చెప్పిన గుర్తు ఇదే, వింటున్న మనిషిలోనే కనిపిస్తోంది. హెబ్రీ 10:25 ఆ దినం దగ్గరపడే కొద్దీ ఇంకా ఎక్కువగా కూడుకోమంటుంది. ఫోను వినడం రోజుకు ఇరవై నిమిషాలకు తగ్గించండి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు రోజుకొకటి చదివితే ఏడాదిలో అయిపోతుంది. ప్రభు బల్లకు ముందు తమ్ముడింటికి పోండి.

తారీకు దాటిపోయింది, ఇప్పుడేం చేయాలి

నమ్మినవాళ్ళు సిగ్గుతో తలుపు వేసుకుని ఉంటారు. మొదటి వారం వచనాలు విసరకండి, అన్నం తీసుకుని పోండి. అప్పు ఎంతుందో కాగితం మీద పెట్టించండి. బడి మాన్పించిన పిల్ల ఉంటే ఆ వారంలోనే హెడ్మాస్టరు దగ్గరికి తీసుకుపోండి, పరీక్ష ఫీజు గడువు ఆగదు. తర్వాత లూకా 24 కలిసి చదవండి. ఎమ్మాయు దారిలో ఇద్దరు "మేము నిరీక్షించియుంటిమి" అంటూ ముఖం వేలాడేసుకుని నడుస్తున్నారు. ప్రభువు వాళ్ళతో పాటు నడిచి, మోషే దగ్గర మొదలుపెట్టి లేఖనాలన్నీ విప్పి చెప్పి, సాయంత్రం రొట్టె విరిచాడు. అదే వరసలో చేయండి: నడవండి, చదవండి, కలిసి తినండి.

తారీకు ప్రకటించినాయన మైకులో చెప్పిన మాటను మైకులోనే వెనక్కి తీసుకోవాలి. ఆ వీడియోను మీరే గ్రూపులో పంపి ఉంటే, చెరిపేసి ఊరుకోవద్దు. "నేను పంపింది తప్పు, మత్తయి 24:36 చూడండి" అని అదే గ్రూపులో రాయండి. దాన్ని నమ్మి ఎవరైనా డబ్బు కట్టారేమో ఒక్కొక్కరికీ ఫోను చేసి కనుక్కోండి.