కంపెనీ పిక్నిక్‌కు పసిపిల్లలను తీసుకెళ్తున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చదవండి

కార్తీక వనభోజనాలతో మొదలుకొని సంక్రాంతి సెలవుల దాకా హైదరాబాద్ చుట్టుపక్కల మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపున్న రిసార్టులు, ఫామ్‌హౌసులు కంపెనీల ఫ్యామిలీ డేలతో నిండిపోతాయి. పెద్దలు పదుల సంఖ్యలో ఉన్న చోటే ఈత కొలనులో పసిబిడ్డ మునిగిపోయిందన్న వార్త ఈ మధ్య మళ్లీ కనిపించింది. అటువంటి వార్త చదివిన ప్రతివారూ ‘అంతమంది ఉండి ఏం చేస్తున్నారు?’ అని అడుగుతారు. అంతమంది ఉండబట్టే ఆ బిడ్డను ఎవరూ చూడలేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

టోపీ, మంచినీళ్ల సీసా, మారుబట్టలు వంటివి ఏ తల్లికీ చెప్పనక్కర్లేదు కనుక వాటి జోలికి పోవడం లేదు. ఇటువంటి విహారాల్లో కుటుంబాలను కూల్చేసే పొరపాటు నేను చూసినంతలో ఒక్కటే: బిడ్డ ఫలానా నిమిషంలో ఎవరి బాధ్యతో తేల్చుకోకపోవడం.

కంపెనీ పిక్నిక్‌లో ఉద్యోగి సగం డ్యూటీలో ఉన్నట్టే లెక్క. తాడులాగుడు పోటీలో టీముకు ఒకరు తగ్గారని మైకులో పేరు పిలుస్తారు, పెద్ద సారు వచ్చారు గ్రూప్ ఫొటోకి రమ్మంటారు. తండ్రి ‘వాళ్లమ్మ ఉంది కదా’ అనుకొని లేచి వెళతాడు. అక్కడ తనకు ఎవరూ తెలియని తల్లి, పక్క కుర్చీలోని మేనేజరు భార్య అడిగినదానికి మర్యాదగా జవాబిస్తూ, ‘వాళ్ల నాన్న దగ్గరే ఉన్నాడు’ అనుకుంటుంది. ‘మీరు వెళ్లండన్నా, నేను చూస్తాలే’ అన్న సహోద్యోగి మాట మొహమాటానికి అన్నదే. రెండు నిమిషాల్లో అతనికీ ఫోను వస్తుంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ బిడ్డను చూడనూ లేదు.

కాబట్టి ఇంటి నుంచి బయల్దేరే ముందే భార్యాభర్తలు ఒక కట్టడి పెట్టుకోవాలి. బిడ్డ ఎప్పుడూ ఒక్కరి పేరు మీదే ఉండాలి. చేతులు మారేటప్పుడు ‘ఏవండీ, ఇక బాబు మీ దగ్గర’ అని పైకి చెప్పాలి; ‘సరే, నా దగ్గర’ అన్న మాట చెవినపడే దాకా కదలకూడదు. తల ఊపితే సరిపోదు, వాట్సాప్‌లో పెట్టినా సరిపోదు. బిడ్డ ఎవరి పేరు మీద ఉంటే వారు ఆ కాసేపూ తంబోలా టికెట్టు పట్టుకోకూడదు, ఫోను తీయకూడదు. ఇరవై నిమిషాలకొకసారి మారితే ఇద్దరికీ పిక్నిక్ దక్కుతుంది.

ముందుగా నీళ్ల సంగతి. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని, వారిలో సుమారు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. మునిగే బిడ్డ సాధారణంగా కేక వేయదు, చేతులూ ఊపదు. నోరు నీటిపైకి తేలిన ఆ క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇక పిలిచేందుకు శక్తి ఎక్కడిది? డీజే ఆపినా మీకు ఏమీ వినిపించదు. మెదడుకు ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే తిరిగిరాని నష్టం మొదలవుతుంది, గ్రూప్ ఫొటోకి వరుసలు సర్దేసరికే అంత సమయం పడుతుంది.

కొలనులో అందరూ ఈదుతున్నప్పుడు ఎవరో ఒకరి చూపు నీళ్ల మీద ఉంటుంది. అందరూ గట్టెక్కి భోజనాలకు కూర్చున్నాక, తేలుతున్న బంతి కోసం ఒక్క బిడ్డ వెనక్కి వెళ్లే సమయమే ఎక్కువ భయపెట్టేది. చేరగానే కొలనుకు కంచె, తలుపు, గడియ ఉన్నాయేమో మీరే నడిచి చూడండి. ఫామ్‌హౌసు అయితే సంపు మూతలు, సెప్టిక్ ట్యాంకు మూతలు, వ్యవసాయ బావి కూడా చూడాలి. భోజనాల వేళ కొలనుకు తాళం వేయించమని హెచ్‌ఆర్ వారిని ముందే అడగండి. అడిగితే సాధారణంగా కాదనరు, ఎవరూ అడగరంతే. లైఫ్‌గార్డు ఉన్నా అతడు కొలను మొత్తానికి కాపలా, మీ బిడ్డకు కాదు. నీళ్లలో పసిబిడ్డ మీ చేయి చాచితే అందేంత దూరంలో ఉండాలి, మోకాలి లోతు పిల్లల కొలనులోనైనా సరే. గాలి ఊదిన చేతిపట్టీలు, బాతు ట్యూబులు ఆటబొమ్మలే. వాటిని నమ్మి చూపు తిప్పుకోకండి.

పడవ ఎక్కిస్తామంటే ఇంకా గట్టిగా ఉండాలి. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణా నదిలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు; వారిలో చాలామంది ఒంగోలు నుంచి బృందంగా విహారానికి వచ్చినవారు. 2024 జనవరి 18న వడోదరలోని హర్నీ చెరువులో బడి పిల్లల పిక్నిక్ పడవ మునిగి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించారు; పరిమితికి మించి ఎక్కించారని, అందరికీ లైఫ్ జాకెట్లు లేవని తర్వాత బయటపడింది. బిడ్డ ఒంటికి సరిపోయే జాకెట్టు లేకపోతే ఎక్కకండి. టీమంతా ఎక్కి పిలుస్తున్నా ఎక్కకండి.

బిడ్డ కనబడకపోతే మొదట నీళ్లలో వెతకండి. గదులు, బస్సు, ఆటస్థలం ఆ తర్వాత. బయటికి తీసిన బిడ్డను తలకిందులుగా వేలాడదీయకండి, గిరగిరా తిప్పకండి, కడుపు నొక్కకండి. ఊపిరి ఆడకపోతే ఒకరు 108కి ఫోను చేస్తుండగా మరొకరు ముక్కు మూసి నోటితో రెండుసార్లు ఊపిరి ఊది, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కాలి. అంబులెన్సు వచ్చేదాకా ఈ రెండూ ఇదే వరుసలో చేస్తూనే ఉండాలి, ఆపకూడదు. తేరుకొని ఏడ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఇక మిగిలినవి. నాలుగైదేళ్లలోపు పిల్లలకు పల్లీలు, వేయించిన శనగలు, కోయని ద్రాక్ష పెట్టకండి, ఊపిరితిత్తుల దారికి అడ్డం పడతాయి. పగిలిన బెలూను ముక్కలు వెంటనే ఏరేయండి. బిర్యానీ డేగిసాలు, నూనె బాండీ ఉన్న గుడారం వైపు పిల్లలను పోనివ్వకండి. చలిమంట ఆరిపోయిందనుకున్నా నిప్పులు బూడిద కింద తెల్లారేదాకా ఉంటాయి, నీళ్లు పోయించండి. చెట్టుకు తేనెపట్టు ఉంటే దాని కింద మంట వేయనివ్వకండి. రెయిన్ డ్యాన్సు నుంచి తడి కాళ్లతో వచ్చినవారిని డీజే వైర్ల దగ్గరికి రానివ్వకండి. బిడ్డ చేతి మీద మీ ఫోను నంబరు పెన్నుతో రాయండి. ఏడేళ్ల అక్కకు మూడేళ్ల తమ్ముణ్ణి అప్పగించకండి. మందు తాగినవారి పేరు మీద బిడ్డను ఉంచకండి. ఒక్క గ్లాసే అన్నా ఉంచకండి, ఆ తాగినది సొంత నాన్న అయినా ఉంచకండి. కార్లు వెనక్కి తీసే చోట పిల్లల్ని నడిపించకండి, ఎత్తుకోండి.

సాయంత్రం అందరూ అలసిపోయి, బహుమతులు, టిఫిన్ డబ్బాలు సర్దుకుంటూ, ‘వెనక సీట్లో పడుకున్నాడేమో’ అనుకునే వేళ ఈ పొరపాటు మళ్లీ జరుగుతుంది. ఎవరి దగ్గరున్నాడో అప్పుడూ పైకి అడగండి, జవాబు వినండి. జాబితాలో టిక్కు పెట్టి లెక్క తేల్చవద్దని నిర్వాహకులకు చెప్పండి. ప్రతి పిల్లవాడి తల మీద చేయి పెట్టి లెక్కించాకే డ్రైవరు బస్సు కదిలించాలి. దిగిన తర్వాత బస్సు తలుపు వేసే ముందు సీట్ల కింద కూడా చూడాలి.