అమ్మానాన్న లేని బిడ్డకు వచ్చే సాయం డబ్బును పెద్దలు ఎలా చూసుకోవాలి?

ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల తెలుగు ఇళ్లలో తల్లీతండ్రీ పోయిన పిల్లలు ఎక్కువగా అమ్మమ్మ దగ్గరికో మేనమామ ఇంటికో చేరతారు. ఇలాంటి పిల్లలకు కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ (పెంపకానికి సాయం) ఉంది. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. భర్త పోయిన తల్లి పెంచుతున్న పిల్లలకూ ఇది వర్తిస్తుంది. డబ్బు తెచ్చుకోవడం ఒక ఎత్తు, దాన్ని బిడ్డ తరఫున చూసుకోవడం మరో ఎత్తు.

ముందు పేర్లు సరిచేయించండి

మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశా కార్యాలయాల్లో చివర రాస్తారు. ఒక కార్డులో పొడి అక్షరం, ఇంకోదానిలో పూర్తి ఇంటిపేరు ఉంటే డబ్బు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. జనన ధ్రువపత్రంలో ఉన్నట్టే ఆధార్, బడి రిజిస్టరు, బ్యాంకు ఖాతా ఉండాలి. మరణ నమోదు మనిషి పోయిన చోటే జరుగుతుంది. తండ్రి విశాఖ ఆసుపత్రిలో పోతే ఆ పత్రం అక్కడినుంచే తేవాలి, రాయగడలో ఎంత తిరిగినా రాదు. ఆదాయ పత్రం తహశీల్దారు ఇస్తారు.

దరఖాస్తు

జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. గంజాం జిల్లా కేంద్రం బరంపురం కాదు, ఛత్రపురం. బస్సెక్కే ముందు కార్యాలయం ఎక్కడో కనుక్కోండి. సిబ్బంది ఇంటికి వచ్చి విచారిస్తారు. బిడ్డ నిజంగా ఎవరి దగ్గర ఉంటున్నదో అదే చెప్పండి.

ఖాతా ఎవరి చేతిలో?

ఖాతా బిడ్డ పేరిటే ఉండాలి. తల్లి ఉంటే ఆమే నడపడం మేలని బాల న్యాయ నియమాలు చెబుతున్నాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ లేకపోతేనే చిక్కు. అమ్మమ్మ ఎంత దగ్గరి మనిషైనా చట్టం దృష్టిలో దానంతటదే సంరక్షకురాలు కాదు. బ్యాంకు కోర్టు ఉత్తర్వు అడిగితే 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టులో దరఖాస్తు చేయాలి. వకీలు ఫీజుకు భయపడి వెనక్కి తగ్గకండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకూ పిల్లలకూ ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100. పదేళ్లు నిండిన పిల్లలు బ్యాంకు పెట్టిన పరిమితిలో ఖాతాను సొంతంగా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు చెప్పింది. పిల్ల చురుకైనదైతే నేను దానికే ఓటేస్తాను.

పాస్‌బుక్‌ను, ఏటీఎం కార్డును షావుకారు దగ్గర అప్పుకు తాకట్టు పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

లెక్క రాయండి

ఈ పనే ఎక్కువమంది ఎగ్గొడతారు. నలభై పేజీల నోటుపుస్తకం చాలు. ఎడమవైపు వచ్చిన సొమ్ము, తేదీ. కుడివైపు ఖర్చు: పుస్తకాలు, చెప్పులు, మందులు, ట్యూషన్, బస్సు చార్జీ. చీటీ ఉంటే ఆ పేజీకే అంటించండి. బిడ్డ తినే బియ్యం, పప్పులో తన వాటా రాసుకోవడం తప్పేమీ కాదు. ఇంటి రేకులు మార్చడం, మామయ్య బండి కిస్తీ కట్టడం బిడ్డ ఖర్చు కాదు. కోర్టు నియమించిన సంరక్షకుడు బిడ్డ ఆస్తిని తన సొంత ఆస్తిలా జాగ్రత్తగా చూడాలని చట్టం చెబుతోంది. కోర్టు అడిగితే లెక్క కూడా చూపాలి. కోర్టుకు వెళ్లని అమ్మమ్మకూ ఈ అలవాటు మంచిదే: రేపు ఆడపడుచో మరిదో వేలెత్తి చూపితే నోటుపుస్తకమే జవాబు చెబుతుంది. కొన్ని నెలల డబ్బు ఒకేసారి పడితే ఖర్చు పోగా మిగిలింది బిడ్డ పేరిటే డిపాజిట్ చేయండి. పద్దెనిమిది నిండగానే బ్యాంకు కొత్త సంతకం తీసుకుంటుంది, ఆనాడు పుస్తకం కూడా బిడ్డ చేతికివ్వండి.

బడి మానిపించకండి

హాజరు వరుసగా 30 రోజులు దెబ్బతింటే సాయం ఆగవచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మినహాయింపు ఉంది. ఇటుక బట్టీల పనికి కుటుంబం వలస వెళ్తుంటే బిడ్డను ఎక్కడ ఉంచుతారో ముందే అధికారులకు చెప్పండి.

డబ్బు దారి తప్పితే

బిడ్డ డబ్బు చూసుకునే మనిషిని మొదట నోటుపుస్తకం అడగండి. చూపకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, లేదా బాలల సంక్షేమ సమితికి రాతపూర్వకంగా ఇవ్వండి. కోర్టు నియమించిన సంరక్షకుడిని కోర్టే తొలగించగలదు.

బిడ్డ ఆంధ్రలో పార్వతీపురంలోనో పలాసలోనో ఉన్న బంధువుల ఇంటికి మారితే పాత జిల్లా కార్యాలయానికి ముందు తెలపండి. ఇక్కడి సాయం నడుస్తుండగానే అక్కడ మళ్లీ దరఖాస్తు పెట్టకండి.