లీనియర్ ఆల్జీబ్రా ముందా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ముందా: ఎలా తేల్చుకోవాలి

కాల్‌క్యులస్ అయిపోగానే చాలామందికి వచ్చే డౌట్ ఇదే, వచ్చే సెమిస్టర్‌లో లీనియర్ ఆల్జీబ్రా (వెక్టర్లు, మ్యాట్రిక్స్‌ల లెక్కలు) తీసుకోవాలా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ (ఒక రాశి మారే రేటుని బట్టి ఆ రాశిని కనుక్కునే లెక్కలు) తీసుకోవాలా అని. సీనియర్స్‌ని అడిగేటప్పుడు అందరూ "ఏది ఈజీ" అనే మొదలెడతారు, కానీ ఈజీ అనేది చెప్పే ప్రొఫెసర్‌ని బట్టి, మీ బేస్‌ని బట్టి మారిపోతుంది కాబట్టి దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఆ తర్వాతి సెమిస్టర్‌లో మీరు చదవాల్సిన కోర్సుకి ఈ రెండింట్లో ఏది కావాలి?

దీనికి జవాబు మీ డిపార్ట్‌మెంట్ కేటలాగ్‌లోనే దొరుకుతుంది. మీ మేజర్‌లో తప్పనిసరి కోర్సులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని పక్కన దాని ప్రీరిక్విజిట్ (దానికంటే ముందు చదివుండాల్సిన కోర్సు) ఏంటో రాయండి, ఫైనల్ ఇయర్ నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి, సగం మందికి ఇక్కడే విషయం తేలిపోతుంది. ఎలక్ట్రికల్ వాళ్ళకి సర్క్యూట్స్, మెకానికల్ వాళ్ళకి వైబ్రేషన్స్, కెమికల్ వాళ్ళకి రియాక్షన్ కైనటిక్స్ ఉంటాయి కాబట్టి మామూలుగా డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ తొందరగా అవసరం పడుతుంది. కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్, స్టాటిస్టిక్స్ వైపు వెళ్ళేవాళ్ళకి లీనియర్ ఆల్జీబ్రా. ఫిజిక్స్ వాళ్ళకి రెండూ తప్పవు, మెకానిక్స్‌కి ఒకటి, క్వాంటమ్‌కి ఇంకోటి. ఇంకో సంగతి, కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే పెడతారు, అలాంటిదానికి ప్రీరిక్విజిట్ మిస్సయితే ఏడాది ఆగాల్సి వస్తుంది, అది మాత్రం తప్పకుండా చూస్కోండి.

సరే, కేటలాగ్‌లో ఏ బలవంతం లేదు, ఏది ముందు తీసుకున్నా ఒకటే అని ఉంది అనుకుందాం. అప్పుడు నేనైతే లీనియర్ ఆల్జీబ్రానే ముందు తీసుకోమంటా. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూపిస్తా.

ఎక్స్, వై అని రెండు రాశులు టైమ్‌తో పాటు మారుతున్నాయి. ఎక్స్ మారే రేటు 2ఎక్స్ + వై, వై మారే రేటు ఎక్స్ + 2వై. ఒకదాంట్లో ఇంకోటి చిక్కుకుపోయి ఉంది, ఎక్స్ తెలియాలంటే వై కావాలి, వై తెలియాలంటే ఎక్స్ కావాలి. ఇప్పుడు రెండు ఈక్వేషన్లూ కూడండి, ఎక్స్ + వై మారే రేటు సరిగ్గా 3(ఎక్స్ + వై) అవుతుంది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేయండి, ఎక్స్ - వై మారే రేటు మళ్ళీ ఎక్స్ - వై మాత్రమే. చిక్కు మొత్తం విడిపోయింది, రెండు విడివిడి ఈక్వేషన్లు మిగిలాయి, ఒకటి ఈ పవర్ 3టీ (e^3t) లాగా పెరుగుతుంది, ఇంకోటి ఈ పవర్ టీ (e^t) లాగా. ఆ 3, ఆ 1 ఎక్కడివంటే మొదటి వరసలో 2, 1, రెండో వరసలో 1, 2 ఉన్న మ్యాట్రిక్స్‌కి ఐగెన్‌వాల్యూలు అవి. మ్యాట్రిక్స్‌తో గుణిస్తే ఏదో ఒక సంఖ్య రెట్లుగా మళ్ళీ తనే వచ్చే వెక్టర్ ఐగెన్‌వెక్టర్, ఆ సంఖ్యే ఐగెన్‌వాల్యూ. కూడాలి, తీసేయాలి అని మనకెలా తట్టింది అంటే ఐగెన్‌వెక్టర్లు (1, 1), (1, -1) కాబట్టి. లీనియర్ ఆల్జీబ్రా చదివినవాడికి ఇది కళ్ళ ముందు కనిపిస్తుంది, చదవనివాడు "డిటర్మినెంట్ జీరో పెట్టు, లాంబ్డా కనుక్కో" అని స్టెప్పులు బట్టీ పట్టి పరీక్ష రాస్తాడు, ఆరు నెలలకి అంతా మర్చిపోతాడు.

మామూలు సెకండ్ ఆర్డర్ ఈక్వేషన్‌లో కూడా ఇదే కథ. వై డబుల్ ప్రైమ్ - 3 వై ప్రైమ్ + 2వై = 0 అని ఇస్తే ఈ పవర్ టీ, ఈ పవర్ 2టీ అని రెండు సొల్యూషన్లు వస్తాయి, తర్వాత ఆ రెంటినీ సీ1, సీ2 అనే కాన్‌స్టంట్లతో గుణించి కలపమంటారు. ఎందుకు కలపాలి, ఇంకే సొల్యూషనూ ఉండదని గ్యారంటీ ఏంటి? సొల్యూషన్లన్నీ కలిసి రెండు డైమెన్షన్ల వెక్టర్ స్పేస్ (కూడినా, సంఖ్యతో గుణించినా మళ్ళీ అందులోనే ఉండే గుంపు), ఈ రెండూ దానికి బేసిస్, అంటే మిగతావన్నీ ఈ రెంటినీ కలిపితేనే వస్తాయి, అంతే. ఈ ఒక్క ముక్క ముందే తెలిసినవాళ్ళకి డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో సగం చాప్టర్లు తేలికైపోతాయి.

అలాగని డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ముందు తీసుకోవడం తప్పేం కాదు. మీ ఇంటిగ్రేషన్ ఇంకా చేతిలో ఉంటే, అంటే పార్షియల్ ఫ్రాక్షన్లు, ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ ఆలోచించకుండా వచ్చేస్తుంటే, అది తుప్పు పట్టకముందే ఈ కోర్సు చేసేయడం మంచిదే. పైగా ఇందులో ప్రతి ఈక్వేషన్ వెనక ఒక నిజమైన వస్తువు ఉంటుంది. 1000 ఓమ్‌ల రెసిస్టర్, 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తీసుకుని డిశ్చార్జ్ చేస్తే 1 సెకన్‌లో వోల్టేజ్ దాదాపు 37 శాతానికి పడిపోతుంది, 5 సెకన్లకి 1 శాతం కూడా మిగలదు, ఇది కాగితం మీద తేల్చి తర్వాత మీటర్ పెట్టి చూస్కోవచ్చు. అంటువ్యాధి ఎలా పాకుతుందో లెక్కకట్టే ఎస్ఐఆర్ మోడల్ కూడా 1927లో కెర్‌మాక్, మెకెండ్రిక్ రాసిన డిఫరెన్షియల్ ఈక్వేషన్ల నుంచి వచ్చిందే. ఇలా వస్తువు కనిపిస్తేనే లెక్క ఎక్కే మనిషైతే మీకు ఇదే నచ్చొచ్చు.

లీనియర్ ఆల్జీబ్రాకి కూడా అలాంటివి లేకపోలేదు. 1998లో గూగుల్ వాళ్ళు బయటపెట్టిన పేజ్‌ర్యాంక్ (వెబ్ పేజీల్లో ఏది ముఖ్యమో లెక్కకట్టే పద్ధతి) అంటే ఒక పేద్ద మ్యాట్రిక్స్‌కి ఐగెన్‌వెక్టర్ కనుక్కోవడమే. 1000 బై 1000 బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో 10 లక్షల అంకెలుంటాయి, సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్ (మ్యాట్రిక్స్‌ని సింపుల్ ముక్కలుగా విడగొట్టడం) చేసి ముక్కల్లో పెద్దవి 50 మాత్రం ఉంచుకుంటే 1,00,050 అంకెలు సరిపోతాయి, చాలా ఫొటోలు అప్పటికీ బానే గుర్తుపట్టేలా ఉంటాయి.

రిజిస్టర్ అయ్యే ముందు సిలబస్ తెరిచి రెండు విషయాలు చూడండి. ఒకటి, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో "సిస్టమ్స్" (పైన చూసినట్టు ఒకదాంట్లో ఇంకోటి చిక్కుకున్న ఈక్వేషన్లు) చాప్టర్ ఉందా, ఉంటే లీనియర్ ఆల్జీబ్రా ముందు చదవడం వల్ల లాభం ఎక్కువ. రెండోది, లీనియర్ ఆల్జీబ్రా లెక్కల టైపా, ప్రూఫ్‌ల టైపా. పేరు ఒకటే అయినా ఈ రెండూ పూర్తిగా వేరే కోర్సులు, పాత పరీక్ష పేపర్ దొరికితే అందులో "నిరూపించండి" అని ఎన్ని ప్రశ్నలున్నాయో లెక్కపెట్టండి. ప్రూఫ్‌లు ఇంతకుముందు ఎప్పుడూ రాయనివాళ్ళు దాంతో పాటు అదే సెమిస్టర్‌లో ఇంకో భారీ కోర్సు పెట్టుకోవద్దు.

మీ బేస్ ఎంతుందో కూడా పావుగంటలో చూస్కోవచ్చు. పుస్తకం తెరవకుండా ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్‌ని ఒకసారి, 1 బై (ఎక్స్ స్క్వేర్ - 1)ని ఒకసారి ఇంటిగ్రేట్ చేయండి. తర్వాత ఏ అనే మ్యాట్రిక్స్‌తో గుణిస్తే జీరో అయ్యే వెక్టర్లు రెండు తీసుకుని, వాటిని కూడినా జీరోనే వస్తుందని మీ మాటల్లో ఒక లైన్ రాయండి. మొదటి రెండూ ఆగిపోతే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌కి ముందు సెలవుల్లో కాస్త ఇంటిగ్రేషన్ తిరగేయాలి. చివరిది ఎలా మొదలెట్టాలో తోచకపోతే ప్రూఫ్‌లున్న సెక్షన్ కాకుండా లెక్కల సెక్షన్ చూస్కోండి.

రెండూ ఒకే సెమిస్టర్‌లో తీసుకోవచ్చా అంటే తీసుకోవచ్చు, మిగతా లోడ్ తక్కువుంటే. రెంటినీ కలిపి ఒకే కోర్సుగా చెప్పే కాలేజీలు కూడా ఉన్నాయి, టైమ్ కలిసొస్తుంది కానీ వెక్టర్ స్పేస్‌ల భాగం పైపైన పోతుంది, మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు తర్వాత విడిగా ఫుల్ లీనియర్ ఆల్జీబ్రా కోర్సు చదవాల్సిందే.

ఇక సీట్లు దొరక్కో, టైమ్‌టేబుల్ కుదరకో డిఫరెన్షియల్ ఈక్వేషన్సే ముందు వచ్చిందనుకోండి, కంగారేం లేదు. సిస్టమ్స్ చాప్టర్ మొదలయ్యేలోపు నాలుగు విషయాలు సొంతంగా చూస్కోండి: మ్యాట్రిక్స్‌ని వెక్టర్‌తో గుణించడం, 2 బై 2 డిటర్మినెంట్, లీనియర్ ఇండిపెండెన్స్, 2 బై 2 మ్యాట్రిక్స్‌కి ఐగెన్‌వాల్యూలూ ఐగెన్‌వెక్టర్లూ. పైన చెప్పిన 2, 1, 1, 2 మ్యాట్రిక్స్‌నే తీసుకుని మొత్తం చేత్తో చేయండి, అది వచ్చాక రెండు 2ల బదులూ 0 పెట్టి మళ్ళీ చేయండి, ఐగెన్‌వెక్టర్లు అవే ఉండి ఐగెన్‌వాల్యూలు 1, -1 అవుతాయి, ఒక సొల్యూషన్ పెరుగుతూ ఇంకోటి తరుగుతూ కనిపిస్తుంది.