నాలుగు షాఫ్ట్‌ల మగ్గం మీద లేస్ నేత: కన్నాలు ఎలా తెప్పించాలి?

లేస్ అనగానే మనకి నర్సాపురం గుర్తొస్తుంది, అది కొక్కెం సూదితో అల్లేది. నేను చెప్పేది మగ్గం మీద, మామూలు పడుగూ పేకతోనే గుడ్డలో సన్న కన్నాలు తెప్పించడం, అందులో ముందుగా హక్ లేస్ అనే రకం. వెంకటగిరి జాందానీ బుటాలాంటిది కూడా కాదు, అక్కడ బుటా కోసం అదనంగా పేక దారం పెడతారు, ఇక్కడ అదనపు దారం ఒక్కటీ ఉండదు. కొన్నిచోట్ల దారం అల్లిక తప్పించుకుని ఐదు పోగుల మీదుగా తేలుతుంది, దానికింది పోగులు గుంపుగా దగ్గరికి జరుగుతాయి, గుంపుకీ గుంపుకీ మధ్య సందు పడుతుంది. అంతే సంగతి. మన తిరుపతి ఎండలకి ఇలాంటి గుడ్డ హాయిగా ఉంటుంది.

షాఫ్ట్ అంటే తనకి ఎక్కించిన పడుగు పోగులన్నిటినీ ఒకేసారి లేపే చట్రం. రెండు షాఫ్ట్‌లున్న మగ్గం మీద చేత్తో పోగులు ఏరుకుంటే తప్ప ఇది రాదు. నాలుగు షాఫ్ట్‌ల టేబుల్ మగ్గం దొరికితే సులువు, ఏ షాఫ్ట్ కావాలంటే ఆ మీట లాగడమే.

దారం 2/10 కాటన్ (10వ నంబరు నూలు రెండు పేటలు కలిపింది), పడుగుకీ పేకకీ అదే. 10 అంగుళాల వెడల్పుకి ఇంచికి 20 చొప్పున 200 పోగులు, 2 మీటర్ల పొడవు పడుగు తీస్తే మొత్తం 100 గ్రాములు సరిపోతుంది. మొదటిసారి నేను బిగువుగా ఉంటే మన్నుతుంది కదా అని ఇంచికి 30 వేశాను. ఉతికాక ఒక్క కన్నమూ తెరుచుకోలేదు. ఆ గుడ్డ ఇప్పటికీ మా టీవీ కింద పరిచి ఉంది.

ఇప్పుడు పోగులు ఎక్కించడం, అంకెలు షాఫ్ట్ నంబర్లు, పోగుకొకటి. ముందు అంచుకి 10 పోగులు 1-2-1-2 అని ఎక్కించండి. తర్వాత 1-3-1-3-1, దాని పక్కన 2-4-2-4-2, ఈ పదీ కలిపి ఒక జట్టు. ఇలా 18 జట్లు, చివర మళ్ళీ 10 పోగుల అంచు. ఒక్కో జట్టు అవ్వగానే ఒకసారి లెక్క చూసుకోండి, ఎక్కడైనా ఒక పోగు తప్పితే గుడ్డ పొడవునా గీతలా కనిపిస్తుంది, మొత్తం నేశాక చేసేదేమీ ఉండదు. అచ్చులో (పేకని కొట్టే దువ్వెనలాంటి చట్రం) సందుకి ఒక పోగే వేయండి.

రెండంగుళాలు సాదా నేత నేయండి: 1, 4 లేపి ఒక పేక, 2, 3 లేపి ఇంకో పేక. 2, 3తో ఆపి లేస్ మొదలుపెట్టండి. ఇక్కడ 1-4 అంటే 1, 4 షాఫ్ట్‌లు కలిపి లేపి ఒక పేక వేయడం.

మొదటి ఐదు పేకలు: 1-4, 2-4, 1-4, 2-4, 1-4
తర్వాతి ఐదు: 2-3, 1-3, 2-3, 1-3, 2-3

అంచు ఎందుకు సాదాగానే వస్తుందో చూశారా? పైన ఏం మారినా 1, 2 మాత్రం ఒకదాని తర్వాత ఒకటి లేస్తూనే ఉన్నాయి. నాకైతే ఈ నేత పద్ధతిలో ఇదే బాగా నచ్చింది.

అచ్చు దెబ్బ మెత్తగా వేయండి. 10 పేకలు నేసి స్కేలు పెడితే సరిగ్గా అర అంగుళం రావాలి. తక్కువ వస్తే మీరు గట్టిగా కొడుతున్నట్టు.

రకాలు మార్చాలంటే పడుగు కదపక్కర్లేదు, లేపే వరుస మారిస్తే చాలు. 2-4 బదులు ఒక్క 2, 1-3 బదులు ఒక్క 1 లేపితే పైవైపు పేక మాత్రమే తేలి, ఇటుకల్లా ఒకటి విడిచి ఒకటి చుక్కలొస్తాయి. మొదటి ఐదు పేకలూ అలా నేసి మిగతా ఐదూ సాదాగా నేస్తే చుక్కలు విడివిడిగా పడతాయి. 2-4 బదులు 2-3-4 లేపితే పడుగు పైకి తేలుతుంది. ఈ హక్ లేస్‌లో ఒక చిక్కుంది, 1-3-1-3-1 లాంటి ఒకే గుంపుని పక్కపక్కన రెండుసార్లు పెట్టలేం, రెండు 1లు కలిసిపోతాయి. పెద్ద పెద్ద గళ్ళు కావాలంటే బ్రాన్సన్ లేస్‌కి వెళ్ళాలి: ఒక గుంపు 1-3-1-3-1-2, ఇంకోటి 1-4-1-4-1-2, ఏది ఎన్నిసార్లైనా వరసగా పెట్టుకోవచ్చు. మొదటి గుంపులో లేస్ రావాలంటే 1, 2-4, 1, 2-4, 1, ఆ తర్వాత 2-3-4. రెండు గుంపుల్లోనూ కావాలంటే 2-4 బదులు ఒక్క 2.

మగ్గం మీద ఇదంతా చప్పగా, ఏదో తప్పు నేసినట్టు కనిపిస్తుంది, దిగులుపడకండి. పడుగు టెన్షన్‌లో ఉన్నంతసేపూ పోగులు జరగలేవు, గంజి పట్టించిన పడుగైతే మరీనూ. కోసి తీశాక గోరువెచ్చని సబ్బునీళ్ళలో అరగంట నానబెట్టి, చేత్తో మెల్లగా పిసికి, నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. తర్వాత కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూస్తే మూసుకుపోయిన కన్నాలేవో తెలుస్తాయి, మొండి సూదితో పోగుల్ని కాస్త పక్కకి జరపండి.