ముగ్గు పోసే ముందే తేల్చుకోవలసినవి

కార్తీకంలో ఇంటి శంకుస్థాపన అనుకుంటున్నవారు ముహూర్తం కంటే ముందు ఇవి చూసుకోండి.

– స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్‌లోనో ఉందేమో కనుక్కోండి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కట్టుకునే అనుమతి రాదు. కట్టాక కూల్చేస్తే ఇల్లు పోతుంది, అప్పు మిగులుతుంది. 30 ఏళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు, తాకట్ల వివరాల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయరుకు చూపించండి.

– నల్లరేగడి అయితే మట్టి పరీక్ష తప్పదు. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నేల అది. పక్కింటి పునాది లోతే మనకూ చాలంటాడు మేస్త్రి. వినకండి.

– కాంట్రాక్టరు చెప్పే చదరపు అడుగు ధర దేని మీద లెక్కో కాగితం మీద రాయించండి. బాల్కనీ, మెట్లగది, సంపు, ప్రహరీ... గొడవలన్నీ వీటి దగ్గరే. స్టీలు ధర పెరిగితే భారం ఎవరిదో కూడా అందులోనే ఉండాలి.

– గృహరుణం పని జరిగినకొద్దీ విడతలుగా వస్తుంది. పునాది ఖర్చు చేతిలో ఉంచుకోండి.

– బాత్‌రూమ్ పైపుల దారి స్లాబు పోయకముందే గీయించండి. తర్వాత రంధ్రం కొడితే కారేది అక్కడే.

– సిమెంటు చవకగా దొరికిందని ముందే దించుకోవద్దు. మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది.

– బోరు, తాత్కాలిక కరెంటు మీటరు ముందు. ట్యాంకరు నీళ్లతో క్యూరింగ్ (కాంక్రీటును రోజూ తడపడం) సరిగ్గా సాగదు.